మన నీళ్ళలో నూరువరహాలు పెంచాలంటే

కావలి దగ్గర హైవే పక్కన నాకు చిన్న నర్సరీ ఉంది. ఒంగోలు, సింగరాయకొండ వైపు వాళ్ళూ వస్తారు, కోవూరు, నెల్లూరు వైపు వాళ్ళూ వస్తారు. ఎప్పుడూ అమ్ముడుపోయే మొక్కల్లో నూరువరహాలు ఒకటి. కొన్న కొన్నాళ్ళకు ఫోన్లో ఫొటో పట్టుకుని జనం తిరిగొచ్చేదీ ఎక్కువగా ఈ మొక్క గురించే. "ఏందన్నా, ఆకులన్నీ ఇట్టా పసుపు పూసినట్టు అయిపోయినాయి, ఏం మందు కొట్టమంటావు?" అని అడుగుతారు. నేను మందు చెప్పను. ముందు "ఏ నీళ్ళు పోస్తున్నారు?" అని అడుగుతాను. "బోరు నీళ్ళే" అంటారు. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఈ మొక్క పుట్టిల్లు మన దక్షిణ భారతం, శ్రీలంక. కేరళ వైపు వెళ్తే కంచెల్లో, గుడి ఆవరణల్లో ఎవరూ పట్టించుకోకపోయినా గుబురుగా పెరిగి ఏడాది పొడవునా పూస్తుంది. అక్కడ వానలెక్కువ. సున్నం కొట్టుకుపోయిన, కాస్త పులుపు గుణం ఉన్న ఎర్రమట్టి. మన దగ్గర దానికి తిరగబడిన లెక్క. వాన తక్కువ, ఎండ ఎక్కువ, బోరు నీళ్ళలో ఉప్పూ సున్నమూ ఎక్కువ. మొక్క మొండిదే, చావదు. కానీ పూయదు, పచ్చగా ఉండదు. ఈ తేడా తెలుసుకుని పెంచితే ఒంగోలు నల్లరేగడిలో ఇల్లు కట్టుకున్నవాళ్ళు కూడా బ్రహ్మాండంగా పూయించవచ్చు.

కొనేముందు గుర్తుపట్టడం

నర్సరీల్లో బోర్డు మీద 'ఇక్సోరా' అని, అంటే నూరువరహాల ఇంగ్లీషు పేరు రాసి, ఏది పడితే అది అమ్మేవాళ్ళు ఉన్నారు. నాకు లారీలో గోదావరి వైపు కడియం నర్సరీల నుంచి వచ్చే సరుకులో కూడా ఒక్కోసారి పేర్లు తారుమారవుతాయి. అందుకే పేరును నమ్మకండి, మొక్కను చూడండి.

పూలుంటే పని సులువు. గుత్తిలోంచి ఒక్క పువ్వు తుంచి చూడండి. సన్నటి పొడవాటి గొట్టం, దాని చివర నాలుగు రేకులు. నాలుగే. ఎప్పుడో ఒక పువ్వులో ఐదు కనిపించినా, గుత్తి మొత్తం ఐదేసి రేకులతో ఉంటే అది నూరువరహాలు కాదు. ఎక్కువమంది పొరబడేది పెంటాస్ అనే ఇంకో పూలమొక్క దగ్గర. దాని గుత్తి కూడా ఇలాగే ఉంటుంది, రంగులూ ఇవే. కానీ రేకులు ఐదు, ఆకు మెత్తగా, నూగుతో ఉంటుంది, కాండం కూడా లేతగా ఉంటుంది. నూరువరహాల ఆకు దళసరిగా, నున్నగా, నూనె రాసినట్టు మెరుస్తుంది. ఇంకా విప్పారని మొగ్గలు సన్నగా, సూదుల కట్టలా నిలబడి ఉంటాయి.

పూలు లేకపోతే ఆకుల అమరిక చూడాలి. ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. ఆకు అంచు సాఫీగా ఉంటుంది, రంపం పళ్ళు ఉండవు. ఇంకో ఖాయమైన గుర్తుంది. జంట ఆకుల మధ్య, కాండాన్ని అంటుకుని చిన్న ముల్లులాంటి మొన ఒకటి కనిపిస్తుంది. బాటనీ పుస్తకాల్లో దాన్ని పత్రపుచ్ఛం అంటారు. కాఫీ, తొగరు, పాపిడి లాంటి ఈ కుటుంబం మొక్కలన్నింటికీ ఆకు జంటల మధ్య ఇలాంటిదే ఉంటుంది. ఆకు తుంచితే పాలు కారకూడదు. కొత్త చిగురు కాస్త రాగి రంగులో ఉంటుంది. దాన్ని చూసి తెగులనుకుని కంగారుపడేవాళ్ళు ఉన్నారు, అది మామూలే.

ఇక నూరువరహాల్లోనే రకాలు. మన పాత ఇళ్ళ ముందు ఎర్రగా పూసేది నాటు రకం. శాస్త్రం పేరు ఇక్సోరా కాక్సీనియా. ఆకుకు కాడ దాదాపు ఉండదు, మొదలు గుండ్రంగా, కొన్ని మొక్కల్లో హృదయాకారంలో, కాండానికి అతుక్కున్నట్టు ఉంటుంది. రేకుల చివర మొన తేలి ఉంటుంది. దాని పక్కనే చైనా రకం అమ్ముతాం, ఇక్సోరా చైనెన్సిస్. దాని ఆకు మొదలు సన్నబడి పొట్టి కాడలోకి దిగుతుంది, రేకుల చివర గుండ్రంగా మొద్దుగా ఉంటుంది. ఇవి రెండూ పక్కపక్కన పెట్టి ఒకసారి చూస్తే ఇంక ఎప్పుడూ పొరబడరు. నాటు రకం వదిలేస్తే మనిషి ఎత్తు దాటుతుంది. మినీ అని అమ్మేవి చిన్న ఆకులతో, మోకాలి ఎత్తులో గుబురుగా ఉంటాయి. దారి పక్కన అంచు కట్టడానికి అవి బాగుంటాయి. పసుపు, గులాబీ, తెలుపు కూడా ఉన్నాయి. నా అనుభవంలో మన నీళ్ళకు, మన ఎండకు అన్నింటికన్నా తట్టుకునేది నాటు ఎరుపే. పసుపు రంగు మినీ అందంగా ఉంటుంది గానీ, బోరు నీళ్ళు తప్ప దిక్కులేని ఇంటికి నేనైతే దాన్ని అమ్మను. కావాలని పట్టుబడితే ఇస్తాను, చెప్పి ఇస్తాను.

కొండ ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళు "మా అడవిలో తెల్లపూల నూరువరహాలు చెట్టంత ఉంటుంది" అంటుంటారు. వాళ్ళు చెప్పేది కొరివి చెట్టు అయ్యుండాలి. అది కూడా ఇక్సోరా జాతే, తెల్లటి వాసన పూలు, చిన్న చెట్టుగా ఎదుగుతుంది. పాపిడి చెట్టు వేరు. దాని తెల్లపువ్వు మధ్యలోంచి పొడవాటి దారంలాంటి కీలం బాగా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఆకును వెలుతురుకు పట్టి చూస్తే నల్లటి చుక్కలు కనిపిస్తాయి. నూరువరహాల కీలం గొట్టం నోటి దగ్గర కొంచెమే బయటికి ఉంటుంది.

నర్సరీలో మొక్క ఎంచుకునేటప్పుడు పూలెక్కువున్నది తీసుకోకండి. మొదట్లోనే మూడు నాలుగు కొమ్మలు చీలిన గుబురు మొక్క, కొస చిగుళ్ళు పచ్చగా ఉన్నది తీసుకోండి. ఆకు అడుగున తెల్లటి దూదిలాంటి పిండినల్లి ఉందేమో తిప్పి చూడండి. మేం ఏమీ అనుకోం.

నీళ్ళ సంగతి

ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మిగతా పనులన్నీ సరిగ్గా చేసి ఇక్కడ తప్పిపోయేవాళ్ళే ఎక్కువ.

మీ నీళ్ళు ఎలాంటివో తెలుసుకోవడానికి ల్యాబుకు పోనక్కరలేదు. కందిపప్పు ఎంతసేపటికీ మెత్తగా ఉడకకపోతే, కుళాయి మూతికి తెల్లటి పొలుసు కడితే, బకెట్ అడుగున చార పడితే ఆ నీళ్ళలో సున్నం ఉన్నట్టే. అవే నీళ్ళు రోజూ కుండీలో పోస్తే కొన్నాళ్ళకు మట్టి పైన, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. అక్కడ మట్టి క్షార గుణంలోకి పోతుంది. ఇనుము మట్టిలో ఉన్నా వేరుకు అందని రూపంలోకి మారిపోతుంది. పీహెచ్ అంటే పులుపునూ క్షారాన్నీ కొలిచే అంకె, 7 కంటే తగ్గితే పులుపు, పెరిగితే క్షారం. నూరువరహాలకు 5 నుంచి 6 దాకా పీహెచ్ ఉన్న మట్టి ఇష్టం. మన రేగడి నేలలు చాలాచోట్ల 8 చుట్టూ ఉంటాయి. ఇనుము లేకపోతే ఆకుకు పచ్చదనం రాదు. కొస చిగురు ముందు లేతపసుపుగా మారుతుంది, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి, వల పరిచినట్టు కనిపిస్తుంది. ముదిరితే ఆకు తెల్లబారి అంచులు మాడతాయి.

ఒకసారి ఒకావిడ ఇలాంటి ఫొటో చూపిస్తుంటే, నిమ్మ అంట్ల కోసం వచ్చిన పొదలకూరు రైతు పక్క నుంచి తొంగి చూసి, "అమ్మా, ఇది ఇనుము లోపం, మా నిమ్మల్లో, శనక్కాయ చేలో చూస్తానే ఉంటాం" అన్నాడు. ఆయన చెప్పింది నిజం. గూడూరు, పొదలకూరు నిమ్మ రైతులకు, వేరుశనగ వేసేవాళ్ళకు ఈ పసుపు బాగా తెలుసు. వాళ్ళు చేసే వైద్యమే దీనికీ పనిచేస్తుంది. దాని సంగతి కింద చెప్తాను. కానీ వైద్యం కంటే ముందు నీళ్ళు మార్చుకోవడం మేలు.

అన్నింటికన్నా మంచివి వాన నీళ్ళు. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనంలో పడతాయి. ఆ మూడు నెలల్లో కుండీలను చూరు కిందికి లాగేస్తుంటారు కొందరు. అలా చేయకండి, వానలో తడవనివ్వండి. మట్టిలో పేరుకున్న ఉప్పంతా కడుక్కుపోయేది అప్పుడే. కుండీ అడుగు రంధ్రం మూసుకుపోకుండా చూసుకుంటే చాలు. ఎండాకాలంలో ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు పట్టుకోండి. గాలిలోని తేమ నీరుగా మారి వచ్చేవి కాబట్టి వాటిలో సున్నం ఉండదు. రాత్రంతా ఏసీ నడిచే ఇంట్లో రెండు మూడు కుండీలకు సరిపడా నీళ్ళు వస్తాయి. కుళాయి నీళ్ళు కూడా బోరు కంటే నయం. నెల్లూరుకు వచ్చేవి పెన్నా నీళ్ళు, ఒంగోలు చెరువులకు వచ్చేవి సాగర్ కాలువ నీళ్ళు. ఆర్వో ఫిల్టరు నుంచి పక్క పైపులో వదిలేసే నీళ్ళు మాత్రం ఈ మొక్కకు పోయకండి. మంచినీళ్ళు తీసేసిన తర్వాత మిగిలిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. నీళ్ళు వృథా కాకూడదని పోసేవాళ్ళను నేను తప్పుపట్టను, కానీ అవి గిన్నెలు తోముకోవడానికి, నేల కడగడానికి వాడుకోండి.

బోరు తప్ప వేరే దారి లేదంటే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్ వాడండి. కిరాణా కొట్లో దొరికేదే. 10 లీటర్ల బకెట్ నీళ్ళకు అర టీస్పూను వేసి కలిపి, కాసేపు ఉంచి పోయండి. నీళ్ళలోని సున్నపు గుణాన్ని అది విరుస్తుంది. అక్వేరియం షాపుల్లో పీహెచ్ చూసే కాగితం పట్టీలు అమ్ముతారు. 6, 6.5 మధ్యకు వస్తే సరిపోయింది, ఇంకా వేసి నీళ్ళను పుల్లటి చారు చేయొద్దు. ఒకటి గుర్తుంచుకోండి, నిమ్మ ఉప్పు సున్నానికి విరుగుడే తప్ప ఉప్పదనానికి కాదు. నాలుక మీద వేసుకుంటే ఉప్పగా తగిలే బోరైతే ఈ మొక్క ఆశ వదులుకుని కాగితం పూలు వేసుకోండి.

పుల్లమజ్జిగ పోయమని చెప్పేవాళ్ళు ఉన్నారు. దానిలో పులుపు కొంచెమే, చీమలూ వాసనా ఎక్కువ. కోడిగుడ్డు పెంకులు గులాబీకి వేస్తున్నాం కదా అని దీనికీ వేస్తారు. ఆ పెంకులు సున్నమే. కట్టెల బూడిద కూడా క్షారమే. రెండూ వద్దు. జిప్సం వేరుశనగకు మంచిది, చవుడు నేలకు మంచిది, ఈ పసుపు పోగొట్టడానికి మాత్రం పనికిరాదు.

మట్టి, చోటు

మీ నేలలో సున్నం ఉందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పిడికెడు పొడి మట్టి ప్లేట్లో పోసి దాని మీద వెనిగర్ చుక్కలు వేయండి. బుసబుసమని నురగ వస్తే అందులో సున్నం బాగా ఉంది. అలాంటి నేలలో గుంట తీసి నేరుగా పెట్టొద్దు. గంధకం కలిపితే పులుపొస్తుందని చదివి వచ్చేవాళ్ళున్నారు. మామూలు ఎర్రనేలల్లో అది నిదానంగా పనిచేస్తుంది, సున్నపు గుళ్ళున్న రేగడిలో ఎంత వేసినా ఆ సున్నం మింగేస్తుంది. అక్కడ ఇటుకలు పేర్చి అడుగున్నర ఎత్తు మడి కట్టి, బయటి నుంచి తెచ్చిన ఎర్రమట్టితో నింపుకోవడం తెలివైన పని. లేదా కుండీ.

కుండీకి నేను కలిపే పాళ్ళు ఇవి: ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్టు గానీ ఒక పాలు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక పాలు, ఏటి ఇసుక అర పాలు, గుప్పెడు వేపపిండి. వేపపిండి ఎందుకంటే ఈ మొక్క వేళ్ళకు నులిపురుగుల బెడద ఉంది. కోకోపీట్ దిమ్మను నానబెట్టి రెండు మూడుసార్లు మంచినీళ్ళతో కడిగి పిండాలి, లేకపోతే దానిలోని ఉప్పు కుండీలోకి వస్తుంది. ఇసుక సముద్రానిది కాకూడదు. మైపాడు, కొత్తపట్నం వైపు ఇళ్ళకు దగ్గరలో దొరుకుతుందని గట్టున ఉన్న ఇసుక తెచ్చి కలుపుతారు. దానిలో ఉప్పుతో పాటు గవ్వల పొడి, అంటే మళ్ళీ సున్నమే ఉంటుంది.

గోడ పక్కన పెట్టేవాళ్ళకు ఒక మాట. ఇల్లు కట్టినప్పుడు గోడ మొదట్లో పూడ్చేసిన సిమెంటు పెళ్ళలు, సున్నం ముద్దలు ఏళ్ళ తరబడి ఆ మట్టిని క్షారంగానే ఉంచుతాయి. వరసగా పది మొక్కలు పెడితే గోడకు దగ్గరున్నవే పసుపెక్కడం మీరే గమనించొచ్చు. రెండు అడుగులు దూరం జరపండి, గుంటలో మట్టి మార్చండి.

ఎండ కావాలి, నాలుగైదు గంటలు తప్పకుండా. నీడలో ఆకు బాగా పెరుగుతుంది, పువ్వు రాదు. పొద్దున ఎండ తగిలి మధ్యాహ్నం మూడు తర్వాత నీడ వచ్చే తూర్పు వైపు ఉత్తమం. డాబా మీద పెట్టేవాళ్ళు కుండీని నేరుగా స్లాబు మీద కాకుండా రెండు ఇటుకల మీద పెట్టండి. నల్ల ప్లాస్టిక్ కుండీలు, నల్ల గ్రోబ్యాగులు మే నెలలో వేళ్ళను ఉడకబెడతాయి.

నాటడం

నాటడానికి నేను చెప్పే సమయం ఉత్తర, హస్త కార్తెలు. అంటే సెప్టెంబరు రెండో సగం నుంచి అక్టోబరు మొదటి వారం దాకా. ఎండ తగ్గి ఉంటుంది, వెనకే అసలు వానలు వస్తాయి, వచ్చే ఎండాకాలానికి వేరు దిగి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో కొనొద్దని చెప్పి వ్యాపారం పోగొట్టుకుంటుంటాను. మా ఇంటావిడ తిడుతుంది కూడా.

కడియం మొక్క కవర్లో ఉండే ముద్ద గట్టి బంకమట్టిది అయి ఉంటుంది. దాన్ని అలాగే గుల్లగా ఉన్న కొత్త మట్టిలో పెడితే, పోసిన నీళ్ళు ముద్ద చుట్టూ జారిపోయి అడుగుకు పోతాయి. ముద్ద లోపల పొడిగానే ఉంటుంది. పైన తడి కనిపిస్తుంటే మొక్క ఎండిపోవడం చూసి అందరూ ఆశ్చర్యపోతారు. నాటే ముందు కవరు తీసి ముద్దను బకెట్ నీళ్ళలో బుడగలు ఆగేదాకా ముంచండి. తర్వాత వేళ్ళు తెగకుండా ముద్ద పక్కలను వేళ్ళతో కాస్త వదులు చేయండి. కవర్లో ఎంత లోతున ఉందో అంతే లోతులో పెట్టండి, మొదలు పూడ్చొద్దు. కంచెగా వేస్తే నాటు రకానికి రెండడుగులు, మినీకి అడుగు దూరం చాలు.

మొదటి నెల మట్టి తడి ఆరకుండా చూడండి. ఆ తర్వాత వేలు రెండు కణుపులు మట్టిలోకి దించి, తడి తగలకపోతేనే పోయాలి. రోహిణి కార్తెలో మాత్రం ఈ లెక్కలు పక్కన పెట్టి కుండీలకు పొద్దున, సాయంత్రం పోయండి, పైన ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టండి, మొదట్లో ఎండుటాకులు గానీ కొబ్బరి పీచు గానీ పరచండి. వడగాలికి ఆకు కొసలు మాడితే ఆ ఆకులు మళ్ళీ పచ్చబడవు, చిగురు పచ్చగా ఉంటే దిగులక్కరలేదు. తుఫాను గాలి తర్వాత, సముద్రానికి దగ్గర ఊళ్ళలో ఉన్నవాళ్ళు మంచినీళ్ళతో ఆకులు కడగండి. గాలితో వచ్చిన ఉప్పు ఆకును కాలుస్తుంది.

పసుపెక్కితే ఏం చేయాలి

ముందు ఏ ఆకు పసుపెక్కిందో చూడండి. కొస చిగుళ్ళు పసుపు, ఈనెలు పచ్చ అంటే ఇనుము. కింది ముదురాకులు మొత్తంగా పసుపెక్కి రాలితే నత్రజని తక్కువ, అంటే మొక్క ఆకలితో ఉంది. ముదురాకుల మీద ఎర్రగోధుమ మచ్చలు పడితే చాలామంది తెగులనుకుని మందు కొడతారు, చాలాసార్లు అది పొటాష్, భాస్వరం తక్కువై వచ్చే మచ్చ. మొక్క మొత్తం పాలిపోయి వాలిపోతే వేరు దగ్గర నీళ్ళు నిలిచి ఉంటాయి, కుండీని వంచి చూడండి.

ఇనుముకు వైద్యం అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్. ఎరువుల కొట్లో దొరుకుతుంది. లేత ఆకుపచ్చ రంగు పలుకులుగా ఉండాలి, తుప్పు రంగుకు తిరిగిన పాత సరుకు ఇస్తే తీసుకోవద్దు, అది ఆకుకు అందదు. లీటరు నీళ్ళకు ముందు 1 గ్రాము నిమ్మ ఉప్పు, అది కరిగాక 5 గ్రాముల అన్నభేది. ఈ వరస మార్చొద్దు, సున్నపు నీళ్ళలో నేరుగా అన్నభేది వేస్తే గిన్నెలోనే తుప్పు పడుతుంది. వేరుశనగకు కొట్టే మోతాదే ఇది. కుండీలో ఉన్న చిన్న మొక్కకైతే సగం మోతాదుతో మొదలుపెట్టండి. సాయంత్రం ఎండ తగ్గాక, కలిపిన వెంటనే, ఆకుల రెండు వైపులా తడిసేలా కొట్టాలి. వారం పది రోజులకోసారి, కొత్త చిగురు పచ్చగా వచ్చేదాకా. టైల్సు మీద, తెల్లచొక్కా మీద పడితే తుప్పు మరక పోదు, పాత బట్టలేసుకోండి.

మట్టిలో పోసే ఇనుము కావాలంటే చీలేటెడ్ ఐరన్ అడుగుతారు, మట్టిలో తుప్పుగా మారిపోకుండా వేరే పదార్థంతో కట్టిన ఇనుము అది. అందులో రెండు రకాలున్నాయి, ప్యాకెట్ మీద చదవండి. ఈడీటీఏ అని ఉంటే క్షారపు మట్టిలో ఎక్కువ రోజులు నిలవదు, ఆకుల మీద కొట్టడానికి వాడుకోండి. ఈడీడీహెచ్ఏ అని ఉన్నది మన మట్టిలో కూడా పనిచేస్తుంది. ధర ఎక్కువ, కానీ ఒక్క చిన్న ప్యాకెట్ ఇంటికి చాలా కాలం వస్తుంది. మోతాదు దాని మీద రాసినంతే.

మామూలు మేతకు రెండు నెలలకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు, వానాకాలంలో 12 అంగుళాల కుండీకి నెలకో టీస్పూను అమ్మోనియం సల్ఫేట్ తడి మట్టిలో వేస్తే చాలు. ఇది మట్టిని పులుపు వైపు కూడా తిప్పుతుంది. యూరియా చల్లి ఆకులు పెంచుకుని పూలు రాలేదని బాధపడొద్దు.

కత్తెర, పురుగు, కొత్త మొక్కలు

పువ్వు కొమ్మ కొసనే వస్తుంది. నెలనెలా మాలిని పిలిచి కంచె కత్తెరతో చదును చేయిస్తే మొగ్గలన్నీ చెత్తబుట్టలోకే పోతాయి. పూత అయిపోయిన గుత్తిని దాని కింది ఒక ఆకు జంటతో కలిపి తుంచేయండి. అక్కడి నుంచి రెండు కొమ్మలు వస్తాయి, రెండూ పూస్తాయి. దేవుడికి రోజూ గుత్తులు కోసే ఇళ్ళలో ఈ పని దానంతటదే జరిగిపోతుంది, అందుకే అక్కడ మొక్క గుబురుగా ఉంటుంది. పొడుగ్గా, అడుగు బోడిగా తయారైన పాత మొక్కను జూలైలో, వేడి తగ్గాక, మూడో వంతు కత్తిరించండి. ఎండలు ముదిరే ముందు మాత్రం లోతుగా కోయొద్దు.

చీమలు కాండం మీద బారులు తీరితే పైన పిండినల్లో పేనుబంకో పొలుసు పురుగో ఉన్నట్టు. అవి విసర్జించే తీపి జిగురు కోసమే చీమలు వస్తాయి, ఆ జిగురు మీదే నల్లటి మసి పడుతుంది. ముందు నీళ్ళ పైపుతో గట్టిగా కడగండి. తర్వాత లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం కొట్టండి. వారం తర్వాత మళ్ళీ ఒకసారి. అంతకు మించిన మందులు ఇంటి మొక్కకు అవసరం రాదు. పైగా ఈ పూల గొట్టాల్లో తేనె తాగడానికి సీతాకోకచిలుకలు, తేనెపిట్టలు వస్తాయి. పిల్లలు కూడా పువ్వు మొదలు చీకుతారు కదా.

కొమ్మ గుచ్చి కొత్త మొక్క చేసుకోవాలంటే జూలై, ఆగస్టు మంచివి. పూత లేని కొమ్మ, మరీ లేతా మరీ ముదురూ కానిది, జానెడు కన్నా కాస్త తక్కువ పొడవులో కణుపు కిందికి కోయండి. కింది ఆకులు తీసేసి పైన రెండాకులు ఉంచి, వాటిని కూడా సగానికి కత్తిరించండి. మొదట్లో వేళ్ళు పుట్టించే పొడి అద్ది, ఏటి ఇసుక, కడిగిన కోకోపీట్ సమపాళ్ళలో కలిపిన గ్లాసులో గుచ్చి, పైన పాలిథిన్ కవర్ బోర్లించి నీడలో పెట్టండి. నెల నుంచి రెండు నెలలు పడుతుంది. వేరొచ్చిందా అని మధ్యలో పీకి చూసేవాళ్ళకు ఎప్పటికీ రాదు. కొస చిగురు వేసి, మెల్లగా లాగితే పట్టు తెలిసినప్పుడు కవరు తీసి, వారం తర్వాత చిన్న కవర్లోకి మార్చండి.

నాటు రకం మొక్కకు బఠాణీ గింజంత కాయలు కాసి, ఎరుపెక్కి తర్వాత నల్లబడతాయి. అందులో విత్తనాలు ఉంటాయి, మొలకెత్తుతాయి. కానీ ఆలస్యం, పైగా తల్లి రంగే వస్తుందని నమ్మకం లేదు. పక్కింట్లో మీకు నచ్చిన ఎరుపు ఉంటే విత్తనం కాదు, జూలైలో ఒక కొమ్మ అడిగి తెచ్చుకోండి. వాళ్ళ మొక్కకూ కత్తిరింపు పని కలిసొస్తుంది.